గార్డు లేని ట్రిమ్మర్లకు బొట్లు పెట్టిన దసరా

ఆ రాయి శనగగింజంత ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆయన దాన్ని చూడలేదు. నేను చూశాను, అదీ అతి దగ్గరగా, నా కుడికంటితోనే. కాబట్టి నా మాటే ప్రమాణం. అది కొబ్బరికాయంత ఉంది.

అప్పటికి అమెరికాలో, నోవై అనే ఊళ్లో ఒక తెలుగాయన నడిపే తోటపని కంపెనీలో చేరి నాకు మూడేళ్లు. మా పెరటి బీరపాదు పక్కింటివాళ్ల పొగగొట్టం దాకా పాకిందన్న కీర్తి విని ఆయనే వచ్చి పనికి పిలిచాడు. నాకంటే పదేళ్లు చిన్న. నోరారా అక్కా అనేవాడు. ఈ దేశంలో పనిచ్చినవాడు మిమ్మల్ని అక్కా అని పిలిచాడంటే, ముందు చేతి తొడుగులు అడిగి తీసుకోండి.

గడ్డి కోసే ట్రిమ్మరు ఉంటుంది కదా, పొడుగాటి గొట్టం చివర నైలాన్ తాడు గిర్రున తిరిగేది. ఆ తాడుకూ మనకూ మధ్య ప్లాస్టిక్ చిప్ప ఒకటి ఉంటుంది. దాన్ని గార్డు అంటారు. రాళ్లు మన మీదికి ఎగరకుండా ఆపడం దాని పని. తాడు హద్దు దాటి పెరగకుండా కత్తిరించే చిన్న బ్లేడు కూడా దానికే ఉంటుంది. మా ఓనరుకి ఆ హద్దు గిట్టలేదు. తాడు పొడుగైతే ఒక్క ఊపుకి ఎక్కువ గడ్డి తెగుతుంది, సాయంత్రానికి ఇంకో రెండిళ్ల పని పూర్తవుతుంది. అందుకని ఏప్రిల్లోనే పది ట్రిమ్మర్ల గార్డులూ ఊడదీయించి అట్టపెట్టెలో పడేశాడు. రక్షణ కళ్లజోళ్లు లేవా అంటే, ఉన్నాయి. ఆయన టేబులు సొరుగులో, తాళం వేసి, పెళ్లికూతురి నగల కంటే భద్రంగా ఉన్నాయి.

జులైలో ఒక మధ్యాహ్నం రాయి ఎగిరింది. నేను అరిచిన అరుపుకి ఆ చుట్టుపక్కల బాతులన్నీ నాలుగు నెలల ముందే వలస వెళ్లిపోయాయి. మా మేస్త్రీ మెక్సికో మనిషి. ఓనరు దగ్గర అతను నేర్చుకున్న తెలుగు ముక్క ఒక్కటే, "తొందరగా". ఆ మాటని ఒక మంచిపనికి వాడినవాడు మా కంపెనీలో అతనొక్కడే. దారి పొడుగునా ట్రక్కుని "తొందరగా, తొందరగా" అని బతిమాలుతూ నన్ను క్లినిక్కి చేర్చాడు.

నల్లగుడ్డు మీద గీత పడిందనీ, మానుతుందనీ చెప్పి, ఇంకొంచెం లోతుగా తగిలి ఉంటే మాత్రం... అని డాక్టరు ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని రెండు వారాల పాటు కట్టు కింద నేనే రకరకాలుగా పూర్తి చేసుకున్నాను.

మర్నాడు ఓనరు మా ఇంటికొచ్చాడు. ఒక చేతిలో కాజు కత్లీ డబ్బా, ఇంకో చేతిలో కాగితం.

"ఏం గాదక్కా, జర ఎర్రగైంది అంతే. ఇన్సూరెన్స్ కోసం ఒక్క సైన్ చెయ్."

"ఏముంది తమ్ముడూ ఇందులో?"

"ఏముంటదక్కా, ఫార్మాలిటీ. మనది ఫ్యామిలీ కంపెనీ గదా."

ఒంటికంటితో, చదవకుండా, నోట్లో కాజు కత్లీతో సంతకం పెట్టాను.

అందులో ఏముందో కట్టు విప్పి పనికి వెళ్లిన సోమవారం తెలిసింది. మా కంపెనీలో సోమవారం పొద్దున ఐదు నిమిషాలు భద్రత గురించి ఉపన్యాసం ఉంటుంది. ఆయన ఇంగ్లీషులో అందరికీ చెప్పి, నా మీది గౌరవంతో మళ్లీ తెలుగులో చెప్పాడు.

"గ్లాసెస్ ఇచ్చినం. అక్క పెట్టుకోలె. రిపోర్టుల గూడ అదే రాసినం, అక్కనే సైన్ చేసింది. అట్లుంటది నెగ్లిజెన్స్ అంటే!"

వరసగా ఎనిమిది సోమవారాలు నన్ను అలా చూపించాడు, బడిలో గోడకి తగిలించిన అస్థిపంజరాన్ని చూపించినట్టు. పరువు సంగతి అలా ఉంచండి. తప్పు నాదని కాగితం మీద ఉన్నంతకాలం ఆ గార్డులు పెట్టెలోంచి బయటికి రావు. తర్వాత పోయే కన్ను ఎవరిదో. ఆ కాగితం మార్చమని అడిగాను.

"సబ్మిట్ చేసేసినం అక్కా. ఇగ వదిలెయ్."

మా వంశంలో వదిలేసినవాళ్లు లేరు. మా నాయనమ్మ ఒక ఇత్తడి గరిటె గురించి తోడికోడలితో నలభై ఏళ్లు మాట్లాడలేదు. ప్రభుత్వానికి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫారం నింపి సొరుగులో పెట్టుకున్నాను కూడా. కానీ ఫారం పంపిస్తే, అది అందిన క్షణాన ఆయన ముఖం ఎలా ఉందో నాకు కనపడదు. నాకు ఆ ముఖం కావాలి. ముందు వరసలో కూర్చుని, రెండు కళ్లతో చూడాలి.

దసరా వచ్చింది.

"అక్కా, ఆయుధపూజ నీ చేతుల మీదుగ జరగాలె. కస్టమర్లందర్ని పిలుస్తున్న. గ్రాండ్‌గ చేద్దాం."

"నీ ఇష్టం తమ్ముడూ. నాకొదిలెయ్" అన్నాను. ఆ మాట వాడే వంతు నాకూ వచ్చింది.

మా కస్టమర్లందరిలోకీ పెద్దది మూడు వందల ఇళ్ల కాలనీ. దాని అధ్యక్షురాలు కార్ల ఫ్యాక్టరీలో ప్రెస్సుల దగ్గర కార్మికుల భద్రత చూసి రిటైరైన అమెరికన్ ఆవిడ. పుట్టినరోజు కేకు కోసే ముందు కూడా కత్తి పిడి బిగువుగా ఉందో లేదో చూస్తుందని ప్రతీతి. అలాంటి మనిషిని పూజకి ఇంటికెళ్లి పిలవకపోతే మర్యాదేనా? వెళ్లి పిలిచాను. మొదటి వరసలో, మధ్య కుర్చీ వేయించాను.

కంపెనీ షెడ్డులో తెల్లదుప్పటి పరిచి పది ట్రిమ్మర్లనూ తలలు పైకి వచ్చేలా నిలబెట్టాను. గార్డు ఉండాల్సినచోట ఖాళీగా ఉన్న బోల్టు రంధ్రాల చుట్టూ, ఒక్కొక్కటి అప్పడమంత, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. చంద్రుడి మీంచి చూసినా కనపడాలి.

పట్టుపంచెలో ఓనరు కొబ్బరికాయ ఎత్తాడు. అధ్యక్షురాలు చెయ్యెత్తింది.

"ఆ ఎర్రచుక్కలున్న చోట ఉండాల్సినవి ఏవి?"

ఓనరు తడుముకోలేదు. "అది మా మతాచారం మేడమ్. పూజకి గార్డులు తీసేయాలి. కావాలంటే మా అక్కని అడగండి, ఇవన్నీ ఆమెకే తెలుసు."

నాకు ఒళ్లు పులకరించింది. ఏ దేవత కరుణించిందో గానీ, కత్తికి పదునుపెట్టి మరీ నా చేతికిచ్చాడు.

"లేదండీ" అన్నాను. "మాలో విరిగినదానికీ, ఊడినదానికీ పూజ చెయ్యరు. అన్ని భాగాలూ ఉండాలి. గార్డులు ఏప్రిల్ నుంచీ ఆ అల్మరా కింద పెట్టెలో ఉన్నాయి."

ఎవరూ చెప్పకుండానే మేస్త్రీ పెట్టె లాగి తెచ్చాడు, తొందరగా. అందులో ఎలుకలు మూడు తరాలుగా సుఖంగా కాపురం చేస్తున్నాయి. ఆవిడ నా కంటి సంగతి అడిగింది, చెప్పాను. రిపోర్టు తెప్పించి చదివింది.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే. చదవకుండా పెట్టాను, అది నా తప్పు. అందులో ఉన్నది అబద్ధం, అది ఆయన తప్పు."

కొబ్బరికాయ ఇంకా ఆయన చేతుల్లోనే, గాలిలోనే ఉంది. గార్డులు బిగించి, నిజం రాసిన రిపోర్టు తనకీ ఇన్సూరెన్సుకీ పంపేదాకా మీ మనిషెవరూ మా గడ్డి మీద కాలు పెట్టొద్దని ఆవిడ మెల్లగానే చెప్పింది. అప్పుడు చూశాను ఆ ముఖం. ముందు కుంకుమ రంగు, తర్వాత పసుపు, ఆఖరికి దుప్పటి రంగు. నేను పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాను.

మేస్త్రీ ఆ సాయంత్రమే పది గార్డులూ బిగించాడు. కొత్త రిపోర్టు నేను చెబుతుంటే ఓనరే టైప్ చేశాడు. సోమవారం ఉపన్యాసంలో దాన్ని ఆయనే చదవాలన్నది నేను పెట్టిన ఒకే ఒక్క షరతు. చదివాడు. గార్డు యజమానే తీయించాడనీ, కళ్లజోడు ఇవ్వలేదనీ, రాయి కుడికంటికి తగిలిందనీ.

"అయిపోయిందక్కా. ఇగ ఖుషేనా?"

"కుడికన్ను దగ్గర నీ గొంతు తగ్గింది తమ్ముడూ. మొదట్నుంచి చదువు."

మళ్లీ చదివాడు. దెబ్బ కంటికే తగిలింది గానీ, ఆ పొద్దున నాకు చెవులు కూడా బాగా మందగించాయి. మూడోసారికి గానీ సరిగ్గా వినపడలేదు.