అవసరాలు లేని ఊరికి ఒక రోజు ప్రయాణం

సుధాకర్ గారూ, పోయిన టపా కింద మీరు రెండు మాటలు రాశారు. రెండూ తప్పే. తిరుపతి నుంచి చిత్తూరుకు గంటన్నర అన్నారు. అది కారులో ఏసీ వేసుకుని ఎక్కడా ఆగకుండా పోయేవాళ్ల లెక్క. నాలాగా మోకాళ్లను బతిమాలుకుని బస్సెక్కేవాళ్లకు రెండుంబావు గంటలు. ఇక రెండోది: "సర్వేలో ఏముందండీ, వెళ్లి అడగటం, చెప్పింది రాసుకోవటం" అన్నారు. వచ్చే శనివారం మీరు అదే సర్వే మలివిడతకు స్వచ్ఛందంగా వెళ్తున్నారు కనక, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే ఏమవుతుందో మంగళవారం నేను చూసి వచ్చింది చెప్తాను. మీ వెంట వెళ్లదలచిన మిగతావాళ్లూ చదవండి. దారీ ఖర్చూ ఇందులోనే ఉన్నాయి.

చిత్తూరులో దాతలు కొందరు కలిసి నడుపుతున్న ట్రస్టు ఒకటుంది. పేరు చెప్పను, చెప్తే అలుగుతారు. ఈ ఏడాది వాళ్లు ఒక వైద్యం వ్యాను సమకూర్చుకున్నారు. అందులో నర్సు ఉంటుంది, బీపీ, షుగరు చూస్తారు, పుండ్లకు కట్లు కడతారు, మందులిస్తారు. వారానికొకసారి ఆరు ఊళ్లకు పోగలదు. ఏ ఆరు అన్నది తేల్చడానికి "సామాజిక అవసరాల అధ్యయనం" అని పెద్ద పేరు పెట్టి పల్లెల్లో ఇల్లిల్లూ అడిగించారు. ఫారాల తెలుగూ నివేదిక తెలుగూ సరిచూసే పని నాకు అప్పగించారు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, కాదనలేకపోయాను. జీతం లేదు, చివర్లో శాలువా కప్పుతామన్నారు. మా బీరువాలో ఉన్న శాలువాలతో చలికాలం మొత్తం తిరుమల కొండ మీద అద్దెకు తిప్పుకోవచ్చు.

సోమవారం సాయంత్రం నివేదిక చివరి ప్రతి వచ్చింది. పట్టికలో గుట్టకిందపల్లి అనే ఊరి ఎదురుగా గడి గడికీ ఒకటే మాట. వైద్యం: అవసరం లేదు. మంచినీళ్లు: అవసరం లేదు. రవాణా: అవసరం లేదు. నలభై ఇళ్ల ఊళ్లో ఒక్క మనిషికి ఒక్క కొరత లేదు. అలాంటి ఊరు భూమ్మీద ఉంటే నేను పింఛను పుస్తకం పట్టుకుని ఎప్పుడో అక్కడికి మకాం మార్చేదాన్ని. అధ్యయనం నడిపిస్తున్న ప్రవల్లికకు ఫోన్ చేశాను. నెమ్మదస్తురాలు, పని తెలిసిన పిల్ల.

"ఇదెక్కడి విడ్డూరమమ్మా, సరిచూడలేదా?" అన్నాను.

"చూసినాను టీచరమ్మా. మా వాళ్లిద్దరూ ప్రతి ఇంటికీ పోయినారు. అందరూ అదే మాట చెప్పినారంట. మేం కల్పించింది ఏం లేదు. రేపు సాయంత్రం అయిదింటికి కమిటీ. ఆ లోపల కొత్త ఫారాలు వస్తే తీసుకుంటాను. రాకుంటే ఆ ఊరికి వ్యాను లేనట్టే. మళ్లీ ఊళ్లు మార్చేది ఏడాది తర్వాత."

ఏడాదట. రాత్రి నిద్ర పడితే ఒట్టు. ఖాళీ ఫారాలు ప్రింటు తీయించి సంచిలో పెట్టుకున్నాను.

మంగళవారం ఉదయం ఆరున్నరకు తిరుపతి బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. మగవాళ్లకు నూరు రూపాయలు దాటుతుంది. కండక్టరు నా కార్డును కిటికీ వెలుగుకు పట్టి చూశాడు.

"ఈ ఫొటోలో ఉండేది నువ్వేనా అవ్వా?"

"అప్పటికి నేనే నాయనా."

చంద్రగిరి దాటాక కాస్త గాలి ఆడింది. పూతలపట్టులో పది నిమిషాలు ఊరికే ఆగింది. ఎందుకని అడిగితే డ్రైవరు తనకూ తెలియదన్నట్టు నా వైపు చూశాడు. ఎనిమిది ముప్పావుకు చిత్తూరు. బస్టాండు బయట ఇడ్లీ తిన్నాను, నలభై రూపాయలు. చట్నీ కోసం రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అక్కడి నుంచి వేలూరు దారిలో పోయే షేర్ ఆటో ఎక్కి ముప్పై రూపాయలిస్తే గుట్టకిందపల్లి క్రాసు దగ్గర దించుతాడు. క్రాసు నుంచి ఊరు నాలుగు కిలోమీటర్లు. బస్సు లేదు. రవాణా అవసరం లేదన్న ఊరు కదా మరి.

క్రాసు దగ్గర ఒకే ఒక ఆటో ఉంది. అతని పేరు సుబ్రమణి.

"గుట్టకిందపల్లికా? ఆడ ఏముండాదని పోతా ఉండావవ్వా?"

"ఆ ఊళ్లో ఏ లోటూ లేదని రాశారు. చూసొద్దామని."

"ఎవురు రాసిండేది?" అని నవ్వాడు. "ఈ రోడ్డు మీద వచ్చినోళ్లయితే ఆ మాట రాయరే."

పోను రెండు వందలన్నాడు. ఉండి, మళ్లీ క్రాసుకు తెచ్చి దించేట్టు నాలుగు వందలకు ఒప్పించాను. ఆ రోడ్డు మీద వెళ్లాక ఎక్కువ అడగలేదనిపించింది. నా వెన్నుపూసలు ఎన్నో నాకు మొదటిసారి తెలిసింది.

మొదటి ఇంటి వసారాలో నా ఈడు ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. పేరు చెంగమ్మ. కుడి పాదానికి కట్టు ఉంది, కట్టు రంగు చూస్తే దాన్ని మార్చి చాలా రోజులైందని తెలుస్తోంది. నేను నిలబడే ఫారం తీశాను. పద్ధతి ప్రకారం అచ్చులో ఉన్న ప్రశ్న ఉన్నట్టే చదివాను. "మీ కుటుంబానికి వైద్యపరంగా తీరని అవసరాలు ఏవైనా ఉన్నాయా?"

"అవసరమేం లేదుమ్మా" అంది చెంగమ్మ.

నాకు ఒళ్లు మండింది. కళ్ల ముందు కాలు కనిపిస్తోంది, మనిషి లేదంటోంది. "కాలికి కట్టుంది కదమ్మా, అవసరం లేకపోవడమేమిటి?"

"అవసరం లేదంటి కదా. ఎండన బడి వచ్చిండావు. కూచో. మజ్జిగ తాగు. నిదానంగా అడుగుదువు."

నా పెన్ను ఆగిపోయింది. ఈ సరిహద్దు పల్లెల్లో అవసరమంటే తొందర. ఇక్కడికి కూతవేటు దూరంలో తమిళం మొదలవుతుంది, తమిళంలోనూ అంతే. తొందరేం లేదు, కూర్చో అంటోంది ఆ మహాతల్లి.

"ముందు వచ్చినవాళ్లకు కూడా ఇదే చెప్పావా?"

"పాపం, ఇద్దరు వచ్చినారు. నిలబడుకునే అడగతా ఉన్నారు. అవసరమేం లేదు, కూచోండప్పా అంటి. సరే సరే అని రాసుకోని పక్కింటికి పోయినారు. ఆడా కూచోలేదంట. ఎవురింట్లోనూ కూచోలేదు. మేమేదో అంటరానోళ్లమన్నట్టు."

ఊరంతా మర్యాద చేసింది. మర్యాదనంతా తీసుకెళ్లి పట్టికలో పోసి, ఈ ఊరికి ఏమీ అక్కర్లేదని తేల్చారు. నేను కూర్చున్నాను. మజ్జిగ తాగాను. తర్వాత అడిగాను, "సరే, మీకేం ఇబ్బంది ఉందమ్మా?"

జవాబు లోపలి నుంచి వచ్చింది. చెంగమ్మ కోడలు రేవతి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఒకటా రెండా మేడం. షుగరు పుండు. వేలు నల్లబడతా ఉండాది. రెండు దినాలకొకసారి కట్టు మార్పియ్యాలన్నారు చిత్తూరు డాక్టరు. రానూ పోనూ ఆటోకు నేను రెండు దినాలు మామిడి తోటలో కూలి చేయాల. కూలికి పోతే ఈమెను ఎవురు తీసకపోతారు? అందుకని వారానికొకసారి పోతా ఉండాం. ఇట్లనే ఉంటే పాదం తీసేయాల్సి వస్తాదన్నారు."

"గమ్మునుండే" అంది చెంగమ్మ. "ఇంటికొచ్చినామె ముందర నా కాలి పురాణం ఎందుకు? నా కాలు గురించి నీకే ఎక్కువ తెలిసినట్టు."

"మోసేది నేను గదత్తా."

"మోసినావులే. పోయిన తూరి ఆటోలో నా కాలి మీద కూరగాయల సంచి పెట్టినావు."

ఇద్దరూ ఒకరి వైపొకరు చూడకుండా నవ్వుకున్నారు. నేను నవ్వలేకపోయాను. సంచిలో నలభై ఫారాలున్నాయి. టైము పదిన్నర.

అన్ని గడపలూ ఎక్కి దిగే మోకాళ్లు నాకు లేవు. సుబ్రమణి ఆ పని తన మీద వేసుకున్నాడు. వీధి మధ్యలో నిలబడి, "మీకు ఏం కష్టమో చెప్పండబ్బా, రాసుకునేదానికి టీచరమ్మ వచ్చిండాది, బిన్నా రాండి" అని తొందరపెడుతూ కేకేశాడు. పనికి పోనివాళ్లంతా చెంగమ్మ వసారాకు వచ్చారు. ఒక పెద్దాయన ఫారాన్ని తిరగేసి చూసి, "దీంట్లో నా కష్టాలు పట్టవు. ఇంకో కాగితం ఉండాదా?" అన్నాడు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని ఒకావిడ, నిండు చూలాలైన కోడల్ని క్రాసు దాకా బైకు మీద కూర్చోబెట్టి తీసుకుపోయామని ఇంకొకావిడ. మధ్యాహ్నానికి రేవతి రాగిసంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. డబ్బు మాట ఎత్తితే చెంగమ్మ నన్ను చూసిన చూపు నేను బడిలో పిల్లలను చూసేది. సంచి మూసేశాను.

రెండింటికి బయల్దేరి, క్రాసులో షేర్ ఆటో కోసం ముప్పావు గంట కాచుకుని, మూడున్నరకు చిత్తూరులో ట్రస్టు ఆఫీసు చేరాను. ప్రవల్లిక ముందు ఫారాల కట్ట పెట్టి, నా కోపమంతా పెట్టాను. ఆ మాటకు అక్కడ అర్థం వేరని మీ వాళ్లకు తెలియదా, ఆ ప్రశ్న రాసిన మహానుభావుడెవరు, వాడికి ఈ జిల్లా తెలుగు తెలుసా అని.

 ప్రవల్లిక బీరువా తెరిచి ఒక ఫైలు తీసింది. ఫారం మొదటి ప్రతి. అందులో ప్రశ్న ఇలా ఉంది: "వైద్యం విషయంలో మీకు ఏం ఇబ్బంది ఉండాది?" దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత. పైన గుండ్రని అక్షరాలతో "తీరని అవసరాలు ఏవైనా ఉన్నాయా?" అని దిద్దుబాటు. పక్కన, "యాస పనికిరాదు. ప్రామాణిక భాష వాడండి" అని ఒక సలహా కూడా.

ఆ అక్షరాలు నావి.

ఫైలు దగ్గరికి లాక్కుని మళ్లీ చదివాను.  "ఫోనులోనే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"నాకూ ఇప్పుడే కదా టీచరమ్మా తెలిసింది, ఆడ ఆ మాటకు తొందర అని. మాది మదనపల్లె, మా పక్క ఆ అర్థం లేదు."

అయిదింటికి కమిటీ కూర్చుంది. కార్యదర్శి కొత్త ఫారాలు చూసి కళ్లద్దాలు తీశాడు. "ప్రశ్న మార్చి అడిగారు కాబట్టి ఈ సమాధానాలను మిగతా ఊళ్లతో పోల్చలేమండీ. పద్ధతి ఒప్పుకోదు."

"అయితే తప్పు ప్రశ్నకు వచ్చిన జవాబును పోల్చవచ్చు, సరైన ప్రశ్నకు వచ్చినదాన్ని పోల్చకూడదు. ఇదేనా మీ పద్ధతి?" అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మురికి వాటికి లేదు. అప్పుడు కాగితం అడిగి తీసుకుని రాశాను: ఈ ఫారంలో అవసరం అన్న మాట పెట్టింది నేను. గుట్టకిందపల్లి వాడుకలో దానికి అర్థం తొందర. ఆ ఊరివాళ్లు లేదన్నది తొందర మాత్రమే. పొరపాటు సర్వే చేసినవాళ్లది కాదు, నాది. కింద సంతకం చేసి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని అని కూడా రాశాను.  కాగితం చేతికొచ్చాక పద్ధతికి ఊపిరాడింది. గుట్టకిందపల్లి ఆరో ఊరయింది. గురువారం గురువారం వ్యాను పోతుంది. అయితే వచ్చే నెల రెండో వారం నుంచి. వ్యానుకు ఇంకా ఏవో కాగితాలు రావాలట.

ఆరున్నర బస్సు పట్టుకుని తొమ్మిదింటికి ఇల్లు చేరాను. దారంతా నా మీద నాకే చిరాకు. ముప్పై ఏళ్లు పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన మాటలను ఎర్ర సిరాతో కొట్టేశాను. ఉండాదిని ఉంది చేశాను, యాడను ఎక్కడ చేశాను, మార్కులు కోశాను. పరీక్షలకు అది కావాల్సిందే, కాదనను. కానీ ఆ పిల్లలు రాసినవాటిలో ఎన్ని మాటలు వాళ్లు చెప్పదలచినదాన్ని సరిగ్గా చెప్పాయో, నేను వేటిని చెడగొట్టానో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. సర్వేకు వెళ్లేవాళ్లు ఒక్కటి చేయండి. ముందు కూర్చోండి. ఇచ్చింది తాగండి. ఫారం తర్వాత తీయండి.

సుధాకర్ గారూ, శనివారం సర్వేకు పోయేముందు మీకో చిన్న పని. వ్యాను వచ్చేదాకా చెంగమ్మ కట్టు రేవతే ఇంట్లో మారుస్తుంది, బుధవారం చిత్తూరు ఆసుపత్రి నర్సు నేర్పించిందని ఫోనులో చెప్పింది. చిత్తూరులో బస్సు దిగగానే మందుల షాపులో గాజుగుడ్డ చుట్టలు పది, కడగడానికి సెలైన్ సీసాలు నాలుగు, కాగితపు టేపు రెండు కొనండి. డబ్బు నేను పంపుతాను. గాజుగుడ్డ పది సెంటీమీటర్ల వెడల్పుది అడగండి, సన్నది అంటగడతారు, తీసుకోవద్దు. గుట్టకిందపల్లిలో నీళ్ల ట్యాంకు దాటాక ఎడమ పక్క మొదటి ఇల్లు. రేవతి తొమ్మిదికల్లా తోటకు పోతుంది కాబట్టి ఆరు గంటల బస్సు కాదు, అయిదింటిది ఎక్కండి. సామాను చెంగమ్మకు ఇవ్వకండి, ఆవిడ దాచిపెట్టి పాత గుడ్డే వాడుతుంది. రేవతి చేతికే ఇవ్వండి.