అత్తమ్మ చెయ్యి పట్టిన గాజు కూజా

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. అందుకని అందం గురించి నాకెవరూ పాఠం చెప్పలేదు. చెప్పి ఉంటే అందులోనూ తప్పేవాణ్ణే. వనపర్తిలో ఒక పాత సామాన్ల దుకాణంలో ఆ గాజు కూజాను చూసినప్పుడు మాత్రం కాళ్లు కదలలేదు. నన్నారి షర్బత్ రంగు. అడుగు మందం, పొట్ట గుండ్రం, మెడ చెయ్యి పట్టేంత సన్నం, మూతి ఒకవైపు కొంచెం వంకర. అచ్చులో పోసింది కాదు, మనిషి ఊదింది. పొట్ట దగ్గర గాజులోనే చిన్న బుడగ ఒకటి ఉండిపోయింది. ఊదినవాడు ఎక్కడున్నాడో గానీ వాడి ఊపిరి మా ఇంటికొచ్చింది.

కిటికీ పక్కన పెట్టాను. "పూలేవి?" అంది నా భార్య. పూలు పెడితే కూజాను ఎవరు చూస్తారన్నాను. ఆమె నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరం లేదు.

తర్వాత పెద్దమందడి నుంచి అత్తమామలు వచ్చారు. దుమ్ము కనబడితే అత్తమ్మకు ముద్ద దిగదు. నేను స్నానం చేసి వచ్చేలోపు కొబ్బరిపీచుతో తోముదామని కూజాలో చెయ్యి పెట్టేసింది. చెయ్యి లోపలికి పోయేటప్పుడు ఏటవాలుగా జారిన ఆమె ఆకుపచ్చ గాజులు, వచ్చేటప్పుడు మెడకు అడ్డం తిరిగాయి. చెయ్యి రాదు.

ఇక కూజా అయినా పగలాలి, గాజులైనా పగలాలి. మొగుడు బతికుండగా ఆడమనిషి చేతి గాజులు పగలగొడితే ఆ మొగుడికే కీడని మావాళ్ల నమ్మకం. ఆ మొగుడు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు.

"సీస పలగ్గొట్టురి," అన్నాడు మామ. "నేనింక బతకాలె."

"జర ఆగు మామా," అని సబ్బునీళ్లు పోశాను. నురుగొచ్చింది, చెయ్యి రాలేదు.

గోల విని పక్కింటావిడ తొంగిచూసింది. "ఏంది పెద్దమ్మా, చేతికి గదేంది?"

"మా అల్లుడు కడెం పెట్టిండు బిడ్డా. జర వదులైంది," అంది అత్తమ్మ నన్ను కొరికేలా చూస్తూ.

ఎక్కడ పట్టిందో చూద్దామని ఆమెను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కూజా అడుగు గట్టిగా పట్టుకున్నాను. ఎండ పడింది. షర్బత్ రంగు లోపల ఆకుపచ్చ గాజులు, వాటి చుట్టూ నురుగు. గోడ మీద తేనె ఒలికినట్టు వెలుగు.

మామ లేచి, అద్దాలు పెట్టుకుని, కూజాను చెయ్యితో సహా అటూ ఇటూ తిప్పాడు.

"గింత సక్కగుందేందే! మెడ సూడు, కొంగ మెడ లెక్క. గీ బుడగ సూసినవా?"

"నా చెయ్యి సూడు ముందు!"

"చెయ్యి పెండ్లయినకాన్నుంచి సూస్తనే ఉన్న గదా." బుడగ మీద వేలు పెట్టి చూశాడు. "అల్లుడా, సీస పలగ్గొట్టకు. గాజులే పలగ్గొట్టురి. నాకేమైతదో సూద్దాం."

అత్తమ్మ ముఖం ఎర్రబడింది. "ఏందీ? నీ పానం కంటె గీ సీస ఎక్కువాయెనా? మరి నేనెవరి కోసం తొడుక్కున్న గివి?"

అంటూ ఆయన మీదికి చెయ్యి విసిరింది. గాజులు మళ్లీ ఏటవాలుగా తిరిగి, చెయ్యి గల్లుమని వచ్చేసింది! ఒక్క గాజూ చిట్లలేదు. కూజా నా చేతుల్లోనే ఉంది. మామ అద్దాల నిండా నురుగు.

ఆ రోజు ఆయనకు రెండో టీ దొరకలేదు. ఇప్పటికీ మా ఇంటికొస్తే మామ కళ్లు ముందు కిటికీ వైపే పోతాయి. అత్తమ్మ సరిగ్గా ఆ కూజాకు అడ్డంగా కుర్చీ వేసుకుని, ఎండలో చెయ్యి చాపి, అవసరం లేకపోయినా గాజులు సర్దుకుంటూ కూర్చుంటుంది.