అడవిపందులు విన్న నా పాట

రిటైరయ్యాక చండ్రుగొండలోని మా ఇంట్లో ప్రతి ఆదివారం పాత పాటల సభ పెడుతున్నాను. నలుగురు మిత్రులు వస్తారు. రేడియో వింటాం, చివర్లో నేను పాడతాను. పాత పాటకు జంతువులైనా కరిగిపోతాయని నా వాదన.

పోయిన వానాకాలం, మొక్కజొన్న చేలో అడవిపందులను బెదరగొట్టడానికి ఏదైనా చప్పుడు కావాలని రైతు ముత్తయ్య అడిగాడు. క్యాసెట్లు కూడా పాడే నా పాత రేడియో ఒకటి, ఒక క్యాసెట్ ఇచ్చాను.

నెల తర్వాత సభ మధ్యలో కంకుల సంచితో వచ్చాడు.

"మీరు చెప్పింది నిజమే సార్. రేడియోల పాత పాటలొస్తుంటే పందులు కదలకుండ మేసినయ్."

నేను గర్వంగా మిత్రుల వైపు చూశాను.

"గిట్లయితే పంట దక్కదని మీ క్యాసెట్ ఏసిన. ఎవరు పాడిండ్రో ఏమో గానీ, ఒక్క పాటకే అడవిల పడ్డయ్. మళ్ల రాలే! ఇంకోటుంటే ఇయ్యండి సార్, మా బావ చేనుకు."

ఆ క్యాసెట్‌లో పాడింది నేనే. ఏళ్లుగా నా పాటకు "వహ్వా" అంటున్న మిత్రులంతా చాయ్ గ్లాసుల్లోకి తలలు దించారు.

రెండో క్యాసెట్ కూడా ఇచ్చేశాను. నా పాట మీద ఇన్నేళ్లలో మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పింది ఆ పందులే.