బానెట్ తెరవమన్న మెకానిక్ కాక

మొన్న పొద్దున ఆర్మూర్ టాక్సీ స్టాండులో జక్రాన్‌పల్లి కిరాయి కోసం బండి తుడుచుకుంటుంటే ఫోన్ వచ్చింది. పెర్కిట్‌లో మెకానిక్ షెడ్డు పక్కన చాయ్ అమ్మే ఆమె. "అన్నా, కాక పోయిండు. చాయ్ తాగి కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది. కిరాయి వాళ్లను ఇంకో బండి ఎక్కించి పెర్కిట్ వెళ్లాను.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. చుట్టుపక్కల కారున్న ప్రతివాడికీ ఆయన కాకే, బాబాయి వరసే. డెబ్బై దాటినా బీపీ గోలీ ఒక్కపూట తప్పేవాడు కాదు, షెడ్డు తెరిచే వేళా తప్పేవాడు కాదు. బండి వాకిట్లోకి రాగానే మిగతావాళ్లు "ఏమైంది?" అని అడుగుతారు. ఈయన మాత్రం "ఇంతకుముందు ఎప్పుడు సూపిచ్చినవ్?" అని అడిగేవాడు. సరైన జవాబు లేకపోతే ముఖం మాడ్చుకునేవాడు. పసుపు పంట దిగే రోజుల్లో మార్కెట్ చుట్టూ తిరిగిన బండ్ల ఎయిర్ ఫిల్టర్లు తీసి గడప రాయికేసి కొడుతుంటే ఆయన బనీను పసుపు దుమ్ముతో పచ్చగా అయ్యేది. "నీకు ముక్కు మూస్తె ఎంతసేపుంటవ్? ఇంజిన్‌కు కూడ గంతే" అనేవాడు.

నా సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పడం కుదరదు. నేను తొమ్మిదేళ్లు దుబాయ్‌లో కంపెనీ బండి నడిపాను. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ముచ్చటపడి ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. తిరిగి వెళ్లేటప్పుడు దానికి మంచి కవరు తొడిగి, తాళం బీరువాలో పెట్టి, "ఎవ్వరు ముట్టొద్దు" అని నా భార్యకు మరీ మరీ చెప్పాను. మా వేల్పూర్ చుట్టుపక్కల గల్ఫ్ వాళ్ల ఇళ్ల ముందు అలా ముసుగేసుకున్న కార్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ముట్టకపోతే కొత్తగా ఉంటుందని మా అందరి నమ్మకం. ఏడాదిన్నర తర్వాత వచ్చి కవరు తీస్తే నిజంగానే తళతళలాడింది. బ్యాటరీ ఒక్కటే మార్పించి, మర్నాడే పాపకు అక్షరాభ్యాసం అని భార్యాబిడ్డలను ఎక్కించుకుని బాసరకు బయల్దేరాను.

టైర్లలో గాలి కొట్టిద్దామని పెర్కిట్‌లో కాక షెడ్డు ముందు ఆపాను. కాక ముందు చక్రం దగ్గర కూర్చుని, లోపలి వైపు వేలు పెట్టి తుడిచి, వాసన చూశాడు.

"ఎన్ని దినాలైంది బిడ్డా, గీ బండి కదిలిచ్చి?"

"ఏడాదిన్నర. జర జల్ది గాలి కొట్టు కాక, ముహూర్తం టైమైతుంది."

"బానెట్ లేపు."

నేను స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి వెతికాను. దొరకలేదు. అటు వెతికాను, ఇటు వెతికాను. వెనక సీట్లో నా భార్య కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. చివరికి కాకే వచ్చి ఆ పిడి లాగాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆ ఉక్రోషంలో నోరు జారాను.

"ఏడేండ్లు దుబాయ్‌ల బండి నడిపిన. నువ్వు నాకు నేర్పుతవా?"

"నడిపినవ్ బిడ్డా, కాదంటలేను. మరి సూసుకున్నదెవలు?"

అక్కడ కంపెనీ షెడ్డు వాళ్లే అన్నీ చూసేవారు. నేను తాళం తిప్పేవాణ్ని, అంతే. కాక మాట పెంచలేదు. నా భార్యను, పాపను దింపి బెంచీ మీద కూర్చోబెట్టాడు. "బ్రేకు తొక్కు" అన్నాడు. తొక్కాను, పెడల్ గట్టిగానే ఆగింది. "గట్ల కాదు, పానమంత పెట్టి తొక్కు" అన్నాడు. తొక్కాను. టప్పుమని చప్పుడైంది. నా కాలు అడ్డం లేకుండా కిందిదాకా పోయింది. చక్రం వెనక నుంచి బ్రేకు ఆయిల్ ధారగా కారుతోంది. ఆయిల్ పోయే రబ్బరు పైపు కవరు కిందే ఎండి, పగుళ్లిచ్చి ఉంది. ఆ చక్రాల మీదే నేను హైవే ఎక్కబోయాను. వెనక సీట్లో పట్టులంగా కట్టుకుని, పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నా బిడ్డతో సహా.

ఆ రోజు బస్సులో వెళ్లాం. ముహూర్తం దాటింది. పాప దారంతా ఏడ్చింది. నేను మాత్రం కాకకు ఒక్క మంచి మాట చెప్పలేదు. సిగ్గు అడ్డొచ్చింది. ఆయనేమో సాయంత్రానికల్లా నాలుగు చక్రాల పైపులూ మార్చి, ఏమీ జరగనట్టే తాళం చేతికిచ్చాడు. "నిలబెట్టిన బండి నడిచిన బండి కంటె జల్ది పాడైతది. వారంల ఒక్కసారన్న నడిపియ్యి" అన్నాడు.

నేను మళ్లీ దుబాయ్ వెళ్లాక ఆ మాట పట్టుకున్నది నా భార్య. ఆయన దగ్గరే బండి నేర్చుకుంది. ఆయిల్ కడ్డీ తీసి చూడడం, టైర్లలో గాలి చూసుకోవడం, రేడియేటర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూడడం నాకంటే ముందు ఆమెకే వచ్చాయి. ఆదివారం వీడియో కాల్‌లో ఇంజిన్ చప్పుడు వినిపించి నన్ను ఏడిపించేది. నేను పూర్తిగా వచ్చేసి అదే కారును కిరాయికి తిప్పడం మొదలుపెట్టాక, నెలకోసారి షెడ్డుకు వెళ్లడం నాకూ అలవాటైంది. బాగున్న సామాను మార్చమంటే కాక తిట్టేవాడు. "ఇంక ఆర్నెల్లు నడుస్తది, పో" అని పంపించేవాడు. దసరాకు బండ్లు కడిగి దండలేసి తెచ్చేవాళ్ల చేత ముందు బానెట్ తెరిపించి, లోపలంతా చూశాకే బొట్టు పెట్టనిచ్చేవాడు. అంత నిజాయితీగా పని చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

అంత్యక్రియలకు మా పాపను కూడా తీసుకెళ్లాను. ఇప్పుడు ఎనిమిదో తరగతి. బాసర ప్రయాణంలో ఏడ్చిన సంగతి తప్ప దానికేమీ గుర్తులేదు. బ్రేకు సంగతి నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

తిరిగొస్తుంటే ముందు సీట్లో కూర్చుని స్కూల్లో ఆటల పోటీల గురించి ఏకధాటిగా చెబుతోంది. పెర్కిట్ దాటాక పసుపు చేను గట్టు మీంచి ఒక మేకల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి దూకింది. బ్రేకు తొక్కాను. బండి ఆగింది. పాప కొంచెం ముందుకు తూలి, మళ్లీ వెనక్కి ఆనుకుని, జడ సర్దుకుని, ఆపిన చోటి నుంచే మాట అందుకుంది.

మేకలన్నీ అవతలి గట్టు ఎక్కాయి. వెనక లారీ హారన్ కొడుతోంది.

"డాడీ, మేకలు పోయినయ్ గదా. పోనియ్యి" అంది పాప.

నాకు బ్రేకు మీది నుంచి కాలు తీయబుద్ధి కాలేదు.