గోడకానుకొని నిద్ర

సుమిత్రమ్మకు ఆ శుక్రవారం తప్పితే ఇంకో శుక్రవారం లేదు. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయి, తీసేద్దాం, తొందరేం లేదన్నారు నిజామాబాద్ ఆసుపత్రిలో. కాకపోతే పక్కన ఒక మనిషి ఉండాలన్నారు. ఆ మనిషి కోసం ఆమె నెల రోజులు వాడంతా బతిమాలింది. చివరికి పక్కింటి జ్యోతిరాణి ఒప్పుకుంది. బీడీలు చుట్టే మనిషి నాలుగు రోజులు చాట పక్కన పెట్టడమంటే చిన్న మాట కాదు.

రుద్రూర్‌లో చెరుకు మోపులు మోసిన పిల్ల సుమిత్రమ్మ, పెళ్లై ఈ పట్నానికొచ్చి తనూ బీడీల చాట ముందు కూర్చుంది. నలభై ఏళ్లైనా లేవలేదు. మొగడు పోయాడు, పిల్లలు లేరు. ఒంట్లో ఎట్లుందని అడిగే నోరు లేదు. రోజూ పలకరించేది కార్ఖానా గుమాస్తా ఒక్కడే. అదీ ఎన్ని కట్టలని.

మత్తు ఇచ్చే ముందు గుండె చూడాలంటే బుధవారం ఒక్కతే వెళ్లింది. మత్తు డాక్టర్ స్నేహలత అడిగింది.

"ఆయాసం వస్తుందా అమ్మా?"

"లేదు మేడం."

"మెట్లెక్కితే?"

"మాది రేకుల ఇల్లు. మెట్లెక్కడియి?"

డాక్టర్ నవ్వింది. ఛాతీ మీద స్టెత్ పెట్టాక ఆ నవ్వు పోయింది. "దగ్గు ఉందా?"

"బీడీలోళ్లకు దగ్గు గూడ రోగమేనా మేడం? తంబాకు దుమ్ము. పండుకుంటే ఊపిరాడది, గోడకానుకొని కూసుండే నిద్రపోత. మూడేండ్లాయె, అలవాటైంది."

డాక్టర్ పెన్ను కింద పెట్టి, వెంటనే ఎకో తీయించింది. గుండెలో ఒక వాల్వు బాగా సన్నబడింది. ముందు దాని సంగతి చూడాలి, శుక్రవారం ఆపరేషన్ లేదంది.

"రాళ్లు తియ్యుండ్రి మేడం, గుండె తర్వాత సూద్దురు. మనిషిని మాట్లాడుకున్న."

"ఇట్లా మత్తిస్తే మీరు మళ్లీ లేవకపోవచ్చమ్మా."

సుమిత్రమ్మ వరండాలోకొచ్చి జ్యోతిరాణికి ఫోన్ చేసి, శుక్రవారం ఆపరేషన్ ఆగిందని చెప్పింది.

"అయ్యో వదినె! వచ్చే నెల బోధన్ల మా బిడ్డ కాన్పు, నాకు కుదరది," అంది జ్యోతిరాణి. "నిన్ననే జెప్తే ఇయ్యాల కార్ఖానాల ఆకన్న దెచ్చుకుందు గద!"

"అవు, నాదే తప్పు," అంది సుమిత్రమ్మ. ఎవరి తప్పో ఆమెకూ తెలియదు.

లోపల నర్సు కొత్త కాగితం తీసింది. "గుండె డాక్టర్ దగ్గరికి పోవాలె. తోడెవరొస్తరమ్మా? పేరు చెప్పు."

సుమిత్రమ్మ ఫోన్ సంచిలో పెట్టేసింది.

"మందులకు తోడు అక్కర లేదు గద?"

"మందులకెందుకు?"

"ఐతే గవి రాయుండ్రి. గవైతే నేనొక్కదాన్నే మింగుత."