టవాలు కింద నైలు నది

2004లో మా హిందూపురం కాలేజీ నుంచి ధర్మవరానికి పిల్లలు తలా ఒక దేశం తరఫున వాదించే మాక్ ఐక్యరాజ్యసమితి పోటీకి వెళ్ళడానికి అసలు కారణం నసీమా. ఇంటర్ అయ్యాక అనంతపురంలో డిగ్రీ చదవాలని ఆ పిల్ల పట్టు. వాళ్ళ నాయన బాషా సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే దళారి. "నలుగుర్లో నెగ్గుకొస్తాదో లేదో కంటితో చూసి చెప్తా మేడం" అని తానూ బయల్దేరాడు. లెక్చరర్‌గా ఇద్దర్నీ నేనే వెంటబెట్టుకెళ్ళాను.

ఆరున్నర బస్సెక్కి ఎనిమిదికల్లా పెనుకొండలో దిగాం. ధర్మవరం బస్సుకు అరగంట ఉంది. స్టాండు పక్క హోటల్లో పది రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిన్నాం. వంటాయన బాషాను గుర్తుపట్టాడు.

"ఏమప్పా, ఈ పొద్దు ఎద్దులు యాడ?"

"ఎద్దులు కాదబ్బా, దేశాలు బేరమాడేకి పోతాండాం."

పదిన్నరకు సభ మొదలైంది. నసీమా ఎగువనున్న ఇథియోపియా. ధర్మవరం నేతగాళ్ళమ్మాయి లక్ష్మి దిగువనున్న ఈజిప్టు. ఏడాదికి ఎన్ని నెలలు నైలు నీళ్ళు వదలాలన్నది తగవు. లక్ష్మి పన్నెండంది, నసీమా నాలుగంది. గంటసేపు గొంతులు చించుకున్నారే తప్ప ఒక్కరూ దిగలేదు. వెనక బెంచీలో బాషా గొణిగాడు: "అందరి ముందర రేటు చెప్పినాక ఎవురు దిగుతారు మేడం, పరువు పోదా?"

టీ విరామంలో నసీమా సరాసరి వచ్చింది. "నాయనా, టవాలియ్యి."

సంతలో దళారులు చేతుల మీద టవాలు కప్పి, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. చూసేవాళ్ళకు అంకె తెలియదు, తగ్గినవాడికి తలవంపులుండవు. నసీమా లక్ష్మికి ఆ వేళ్ళ పట్లు నేర్పి, టవాలు కప్పింది. అయిదు నిమిషాల్లో ఎనిమిది నెలలకు కుదిరింది. ఇద్దరూ నవ్వుతూ లేచారు.

జడ్జి మాత్రం ఒప్పుకోలేదు. సభలో మాటలతోనే తేల్చాలట. బహుమతి వేరేవాళ్ళకు పోయింది. నాకు ఒళ్ళు మండింది.

తిరుగు ప్రయాణంలో పెనుకొండలో బస్సు మారాం. నసీమా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. హిందూపురం బస్సు కదిలాక, ఆయన భుజం మీది టవాలు తీసి కూతురి చేతి మీద కప్పాడు. ఆ పిల్ల ఉలిక్కిపడి, మరుక్షణం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఎంతే?" అన్నాను, ఆగలేక.

"మూడేండ్లు మేడం. డిగ్రీ మొత్తం!"

పదేళ్ళుగా రాజనీతి చెబుతున్నాను. ఎదుటివాడికి దిగడానికి మెట్టు వేయాలన్న సంగతి మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఆ రూట్లో వెళ్ళేవాళ్ళు పెద్ద టవాలొకటి వెంట ఉంచుకోండి. బస్సు అద్దాలు సరిగా మూసుకోవు, దుమ్ము విపరీతం.