సలోమి అక్క చూపించిన వెనక సీటు

ఈ మధ్య ఒక ఉదయం ఆఫీసుకి దిగుతుంటే, రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన ఒక నర్సు మా లిఫ్టులో పైకి వెళ్ళబోయి పొరపాటున నాతోపాటే కింది పార్కింగుకి వచ్చింది. తలుపు మూసుకోగానే శానిటైజర్ వాసన గుప్పుమంది. ఆ వాసనకి చాలామందికి మూతపడ్డ కొట్లు, ముఖాలకి మాస్కులు గుర్తొస్తాయి. నాకు మాత్రం మా ఎదురు ఫ్లాటులో ఉండిన సలోమి అక్క గుర్తొస్తుంది. కిందికి దిగి కారు దగ్గరికి వెళ్ళాక కూడా కాసేపు తలుపు తియ్యకుండా నిలబడ్డాను.

సలోమి అక్కది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జి. అల్ ఖుసైస్‌లో మా బిల్డింగ్‌లోనే మరో ఇద్దరు నర్సులతో కలిసి ఉండేది. కొడుకు బెంగళూరులో ఉద్యోగంలో చేరి వచ్చెయ్యమన్నా, “నాకు పనుందండి” అని ఇక్కడే ఉండిపోయిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. లిఫ్టు రావడం ఆలస్యమైతే విసుక్కుంటూ మెట్లెక్కేసేది. మాత్ర మింగనని మొరాయించే రోగి కూడా ఆవిడ గొంతు వింటే మింగేస్తాడని తోటి నర్సులు చెప్పుకునేవారు. నాకంటే పదేళ్ళు పెద్దదైనా నన్ను ‘గారు’ అనే పిలిచేది. ఆ మర్యాదలోనే చురక పెట్టేది.

నేను అల్ ఖూజ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో పని చేస్తాను. సబ్ కాంట్రాక్టర్లు పంపిన బిల్లుల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఇంటికి కూడా తెచ్చుకునేవాణ్ణి. నా భార్య ఇందిర ఇక్కడి స్కూల్లో చరిత్ర చెబుతుంది. పెళ్ళికి ముందే తెనాలిలో వాళ్ళ నాన్నగారి అంబాసిడర్ నడిపిన మనిషి. దుబాయ్ వచ్చాక కష్టపడి ఇక్కడి లైసెన్సు కూడా తెచ్చుకుంది. మొదటిసారి ఎమిరేట్స్ రోడ్డు అనే హైవే ఎక్కిన రోజు పక్క సీట్లో నేనున్నాను. ఒక పెద్ద ట్రక్కు దగ్గరగా వచ్చింది. ఆమె సరిగ్గానే వెళుతోంది. నేనే “బ్రేక్! బ్రేక్!” అని అరిచి స్టీరింగ్ మీద చెయ్యి వేశాను. కారు ఊగింది. పక్కకి ఆపించి, “దిగు” అన్నాను. ఆమె ఇసుకలోకి దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి నా సీట్లో కూర్చుంది. ఇల్లు చేరాక లైసెన్సు బీరువాలో చీరల మధ్యకి వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను దాన్ని నలుగురిలో చెప్పుకునే జోకు చేశాను. తెలుగువాళ్ళం కలిసి భోజనాలు చేసిన ఒక రోజు, “మా ఆవిడ లైసెన్సు మ్యూజియంలో ఉందండీ. చూడ్డానికే, వాడడానికి కాదు” అన్నాను. అందరూ నవ్వారు. పప్పు వడ్డిస్తున్న ఇందిర కూడా నవ్వింది. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ సలోమి అక్క ఒక్కతే నవ్వలేదు.

“ఇందులో నవ్వేది ఏ ముక్కండీ మూర్తి గారూ? నాకు తెలీక అడుగుతున్నాను” అంది.

నేను ఏదో అని తప్పించుకున్నాను. ఆవిడ మాత్రం మర్చిపోలేదు.

తర్వాత కరోనా వచ్చింది. రోడ్ల మీదికి మనుషుల్ని మళ్ళీ రానిస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం మా తలుపు తట్టింది. మాస్కు తాళ్ళు ఒరుసుకుని చెవుల వెనక పుండ్లు పడ్డాయి. లోపలికి రాకుండా గుమ్మం అవతలే నిలబడి ఇందిరతో, “అమ్మా, డ్యూటీ దిగేసరికి కళ్ళు మూతలు పడిపోతన్నాయి. నా బండి నువ్వు నడపాలి. సాయంత్రం దింపాలి, పొద్దున్నే తీసుకురావాలి” అంది.

ఇందిర నోరు తెరవకముందే నేను, “ఆవిడకి రాదండీ” అన్నాను.

“నేనడిగింది ఇందిరనండి. మీరు ఇందిరా?”

మర్నాటి నుంచి ఇందిర ఆవిడ పాత తెల్ల కారు నడిపింది. స్కూలు ఆన్‌లైన్‌లోనే కాబట్టి పొద్దున వెసులుబాటు ఉండేది. నేను బాల్కనీలో నిలబడి చూస్తుంటే సలోమి అక్క కింది నుంచి కేక వేసింది: “అలా నిలబడకండి బాబూ, పిల్లకి కాళ్ళు వణుకుతాయి! లోపలికెళ్ళి టీ పెట్టండి, వచ్చి తాగుతాం.” ఆ విధంగా నాకు టీ డ్యూటీ పడింది. వాళ్ళు తిరిగి వచ్చేదాకా వంటింట్లో గిన్నె ముందు నిలబడి, ప్రతి హారన్‌కీ ఉలిక్కిపడుతూ ఉండేవాణ్ణి. కొన్నాళ్ళకి ఇందిర తాళం చెవులు వేలికి తిప్పుకుంటూ ఇంట్లోకి రావడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఆమె అలా రావడం నేనెప్పుడూ చూడలేదు.

చాలా నెలల తర్వాత ఒక పొద్దున పాల కోసం కిందికి దిగితే, అక్క వాళ్ళ ఆసుపత్రి సిబ్బంది బస్సు మా వీధి మలుపులోనే ఆగి ఉంది. ఎదురు ఫ్లాటు నర్సులు అందులోంచి దిగుతున్నారు. రోజూ వస్తుందట. సలోమి అక్కని అడిగాను. “బస్సు ఉంది కదా అక్కా?”

“ఉందండి. ఆ ఏసీ నాకు పడదండి” అంది. ముఖంలో నవ్వు కూడా లేదు. చెప్పులు వదిలి లోపలికి వెళ్ళిపోయింది.

నా చదువు మాత్రం హత్తా కొండల దారిలో జరిగింది. ఒక సెలవు రోజున ఇందిర నడుపుతానంటే ముగ్గురం బయలుదేరాం. నేను అలవాటుగా ముందు తలుపు తియ్యబోతే, “అక్కడ నేనండి. మీరు వెనక్కి” అంది సలోమి అక్క. సంచీలోంచి పాలకొల్లు నుంచి వచ్చిన జీళ్ళ పొట్లం తీసి, “ఇది నోట్లో పెట్టుకోండి. పళ్ళకి అతుక్కుంటే మాట్లాడలేరు” అని చేతిలో పెట్టింది. మలుపుల్లో నాకు ఊపిరి బిగుసుకుపోయింది. ఒకచోట నోటితో గాలి పీల్చిన చప్పుడు గట్టిగానే వచ్చింది. ఇందిర భుజాలు బిగుసుకున్నాయి.

సలోమి అక్క వెనక్కి తిరిగింది. ఈసారి గొంతులో చురక లేదు. “ఆ భయం మీదేనండి. దాన్ని తీసుకెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పెడతన్నారు. ఆవిడ బండి నడపాలా, మీ భయం మొయ్యాలా?”

నన్ను అంత సూటిగా ఎవరూ చదవలేదు. నా అరుపు అంతా ఆమె క్షేమం కోసమేనని ఎన్నో ఏళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ రోజు కొండలు దిగేదాకా ఆ మాటే నములుతూ కూర్చున్నాను.

సలోమి అక్క రిటైరై ఊరికి వెళ్ళిపోయిన మరుసటి వేసవిలో ఇందిర ఇంగ్లండు వెళదామంది. పిల్లలకి పాఠాల్లో బొమ్మలుగా చూపించే రాళ్ళనీ కోటలనీ తన కళ్ళతో చూడాలని ఆమెకి ఎప్పటి నుంచో కోరిక. లండన్ విమానాశ్రయంలో కారు అద్దెకి తీసుకుని దక్షిణం వైపు తిరగాలని పథకం. కాగితాల మీద ఇద్దరి పేర్లూ రాయించింది. అయినా నేను అడగకుండానే స్టీరింగ్ ముందు కూర్చున్నాను. పాత బుద్ధి అంత తొందరగా పోదు.

అక్కడ బండ్లు మన దేశంలోలాగే ఎడమ పక్కన వెళతాయి. నేను కారు నేర్చుకున్నది దుబాయ్‌లోనే. నా ఒళ్ళంతటికీ తెలిసింది కుడి పక్కే. పెద్ద రోడ్డు మీద ముందు వాళ్ళని చూస్తూ ఎలాగో వెళ్ళాను. విన్‌చెస్టర్‌లో పాత చర్చి చూసుకుని, ఊరి బయట పెట్రోలు పోయించుకుని, ఖాళీ రోడ్డు మీదికి వచ్చి, ఏ ఆలోచనా లేకుండా కుడి పక్కన వెళ్ళిపోతున్నాను. ఎదురుగా ఒక వ్యాను వచ్చింది.

“ఎడమకి తీసుకోండి” అంది ఇందిర.

ఒక్కసారే అంది. అన్నం పెట్టుకోండి అన్నంత మామూలుగా అంది. అరవలేదు, చెయ్యి వెయ్యలేదు. నేను ఎడమకి తిప్పాను. వ్యాను ముసలాయన ఆగి, అరచెయ్యి ఎత్తి, తల ఆడించి వెళ్ళిపోయాడు. గడ్డి గట్టు పక్కన కారు ఆపి ఇంజను కట్టేశాను. ఎమిరేట్స్ రోడ్డు మీద ఏ తప్పూ చెయ్యని మనిషిని నేను కారు దింపాను. నేను ఇద్దరి ప్రాణాల మీదికి తెస్తే ఆ మనిషి నా పరువు పోకుండా చూసింది. క్షమాపణ అప్పటికి ఎన్నో ఏళ్ళు ఆలస్యమైంది.

“ఆ రోజు నిన్ను దింపెయ్యకుండా ఉండాల్సింది ఇందూ. తప్పు చేశాను. దాన్ని జోకు చేసి ఇంకా పెద్ద తప్పు చేశాను” అన్నాను.

ఆమె అద్దంలోంచి పొలాల వైపు చూస్తూ, “తెలుసు” అంది. తర్వాత, “తాళాలు ఇవ్వండి. సాలిస్‌బరీ చేరేసరికి చీకటి పడుతుంది” అంది.

నేను వెనక తలుపు తీశాను. “ముందుకి రండి బాబూ. వెనక కూర్చుంటే నేను అద్దె డ్రైవర్‌లా ఉంటాను” అంది ఇందిర.

ఇందిర చేతులకి తెనాలి గుర్తొచ్చినట్టుంది. రౌండెబౌట్లలో ఎక్కడా తడబడలేదు. నేను నోరు మూసుకున్నాను. కానీ నోరు మూసుకోవడం వేరు, భయం దించుకోవడం వేరు. సాలిస్‌బరీలో ఆ ఆకాశమంత చర్చి శిఖరం కింద నిలబడి ఇందిర, “మీరు మాట్లాడకపోయినా మీ ఊపిరి వినపడుతూనే ఉందండీ” అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. దారి పొడుగునా ఆమె నన్ను ఏమీ అడగడం లేదని అప్పుడు గమనించాను. అటు బండి వస్తోందా, ఇటు చోటు ఉందా, ఏదీ అడగదు. నా కళ్ళని లెక్కలోంచి తీసేసి చాలా ఏళ్ళయింది. క్షమించడం ఆమె చేతిలో ఉంది, క్షమించింది. నమ్మకం అడిగి తెచ్చుకునేది కాదు.

మర్నాడు స్టోన్‌హెంజ్ దగ్గర గాలి చీర కొంగుని నిలవనివ్వలేదు. చిన్న రాళ్ళు ఎక్కడో వేల్స్ కొండల నుంచి తెచ్చారని ఇందిర తరగతిలో చెప్పినట్టే నాకు చెప్పింది.

“అంత దూరం ఎలా లాగారో!” అన్నాను.

“పక్కన ఒకడు అరుస్తూ ఉండుంటాడు. మోసేవాళ్ళు అతణ్ణి వెనక నడవమని చెప్పి ఉంటారు” అంది. పక్కనున్న వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. ఈసారి నవ్వేది ఏ ముక్కో నాకు బాగా తెలుసు.

ఆ సాయంత్రం సలోమి అక్కకి వీడియో కాల్ చేశాం. ఇందిర కారు తాళాలు చూపించింది. అవతల ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడి, “యల్లా, రండి రండి! మా పిల్లండి ఇంగ్లీషోళ్ళ రోడ్డు మీద నడుపుతుంది!” అని ఇంట్లో వాళ్ళందరినీ పిలిచి చూపించింది. తర్వాత నన్ను పిలిచి గొంతు తగ్గించింది. “మీరు ఎలా ఉన్నారండి?”

“నేర్చుకుంటున్నానక్కా.”

“తొందర లేదండి” అంది.

కోర్ఫ్ కోటకి వెళ్ళే దారిలో సందులు మరీ ఇరుకు. రెండు పక్కలా మనిషెత్తు పొదలు, వాటి వెనక రాతి గోడలు. ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చేసింది. వెనక మరో కారు ఉంది, వెనక్కి వెళ్ళడానికి లేదు. ఇందిర అంగుళం అంగుళం ఎడమకి జరుపుతోంది. కొమ్మలు అద్దానికి గీరుకుంటున్నాయి. నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా ఊపిరి వదిలాను.

“ఏవండీ, అటు ఎంత ఉంది?” అంది.

ఒక క్షణం నాకు అర్థం కాలేదు. అద్దం దించి, తల బయటికి పెట్టి చూశాను. “గోడకి జానెడు ఉంది.”

“ఇంకొంచెం రానా?”

“రా. రా. చాలు.”

బస్సు మమ్మల్ని ఒరుసుకుంటూ దాటిపోయింది. డ్రైవరు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇందిర అతనికి చెయ్యి ఊపి, గేరు వేసి ముందుకి కదిలింది. నన్ను అడిగానన్న సంగతి కూడా ఆమె గమనించలేదు. నేను పొదల వైపు తిరిగి అద్దం పైకెత్తాను. ఆ పైన కూలిన కోటలో, భర్త ఊళ్ళో లేనప్పుడు ఒక ఇల్లాలు సైన్యాన్ని ఎదిరించి ఆ కోటని నిలబెట్టిన కథ ఇందిర చెబుతుంటే ఒక్క మాట కూడా అడ్డు రాకుండా విన్నాను.

మరుసటి ఏడాది సలోమి అక్క పోయింది. గుండె ఆగిందని కొడుకు ఫోన్ చేశాడు. పాలకొల్లు వెళ్ళలేకపోయాను. ఆవిడని ఎరిగినవాణ్ణని, ఆవిడ చేత చివాట్లు తిన్నవాణ్ణని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. ఆఫీసులో కుర్రవాళ్ళు బిల్లు పట్టుకొస్తే, వాళ్ళు అడిగేదాకా ఎర్ర పెన్ను తియ్యను. కొన్నిసార్లు ఓడిపోతాను. అప్పుడు పెన్ను పక్కన పెట్టి, సారీ చెప్పి, మళ్ళీ వింటాను.

ఇందిర ఇప్పుడు శనివారం పొద్దున్నే, లైసెన్సు ఉండీ నడపని టీచర్ల పక్కన కూర్చుని వాళ్ళ చేత కారు నడిపిస్తోంది. పోయిన వారం ఒకావిడ భర్త కూడా కిందికి దిగి, కారు అద్దం పట్టుకుని జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి, “రండి, టీ తాగుదాం. ఇక్కడ మనకి పని లేదు” అన్నాను. మలుపులోని కఫెటేరియా బయట నిలబడ్డాం. కప్పు చేతిలో పట్టుకుని అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. నేను రోడ్డుకి వీపు పెట్టి, నా టీ వేడిగా ఉండగానే తాగాను.